మహారాణిపేట ల్యాబ్‌లో బీపీ హార్మోన్ ప్యాకేజీ: కౌంటర్‌కి వెళ్తే సరే, ఇంటికి పిలిపిస్తే వద్దు

విశాఖపట్నం మహారాణిపేటలో, కింగ్ జార్జ్ హాస్పిటల్ (కేజీహెచ్)కి నడిచి వెళ్లేంత దూరంలో ఉన్న ఒక ల్యాబ్ ‘బీపీ హార్మోన్ ప్యాకేజీ’ ఇస్తోంది. ఆల్డోస్టిరోన్, రెనిన్, ఆ రెండింటి నిష్పత్తి, మెటానెఫ్రిన్లు, ఉదయం కార్టిసాల్, థైరాయిడ్, పరగడుపు ఇన్సులిన్, పొటాషియం ఇందులో ఉంటాయి. కౌంటర్‌కి వెళ్తే వేలికి క్లిప్పు పెట్టి ‘రక్తనాళాల వయసు’ కూడా ఉచితంగా చెప్తారు. వెళ్లలేమంటే మధురవాడ నుంచి గాజువాక దాకా ఎక్కడికైనా ఉదయాన్నే మనిషిని పంపిస్తారు. అతను ఒక్క పొడుపుతో అన్నిటికీ రక్తం తీసుకెళ్తాడు.

మా అభిప్రాయం ముందే చెప్పేస్తాం. కౌంటర్‌కి వెళ్లి, రెండు ఉదయాలుగా విడదీసి చేయించుకుంటే ఈ ప్యాకేజీ పెట్టిన డబ్బుకు తగినదే. ఇంటికి పిలిపించుకుని ఒక్క పొడుపుతో కానిచ్చేస్తే మాత్రం బిల్లులో పెద్ద వాటా ఉన్న రెనిన్, మెటానెఫ్రిన్లు రెండూ నమ్మకంగా రావు. తప్పు మిషన్‌ది కాదు. రక్తం మిషన్ దాకా చేరే దారిలోనే అంతా ఉంది.

ఎందుకో తెలియాలంటే రక్తనాళం గోడ దగ్గర మొదలుపెట్టాలి. నాళం లోపలి వైపు ఒక్క కణం మందాన ఒక పొర ఉంటుంది, ఎండోథీలియం. దాని చుట్టూ నునుపు కండర కణాలు చుట్టుకుని ఉంటాయి. 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కల మీద అసిటైల్‌కోలిన్ వేసి చూశాడు. లోపలి పొర ఉన్న ముక్క సడలింది, ఆ పొరను రుద్ది తీసేసిన ముక్క సడలలేదు. పొర వదిలే ఆ పదార్థం నైట్రిక్ ఆక్సైడ్ అని తర్వాత తేలింది. దానికే 1998లో ఫర్చ్‌గాట్, ఇగ్నారో, మ్యురాద్‌లకు నోబెల్ వచ్చింది. అదే పొర నాళాన్ని బిగించే ఎండోథీలిన్‌ని కూడా వదులుతుందని 1988లో జపాన్‌లో యానగిసావా బృందం కనిపెట్టింది. సడలించే సరుకు, బిగించే సరుకు రెండూ ఒకే పొర చేతిలో ఉన్నాయి. ఏది ఎంత వదలాలో చెప్పేవాటిలో హార్మోన్లూ ఉన్నాయి. ప్యాకేజీలోని ఒక్కో పరీక్షకు డబ్బు పెట్టొచ్చా లేదా అన్నది, ఆ హార్మోన్ ఈ కణాల మీద ఏం చేస్తుంది, దాన్ని రక్తంలో సరిగా కొలవగలమా అన్న రెండు ప్రశ్నల మీద ఆధారపడుతుంది.

ఇందులో అసలు సరుకు ఆల్డోస్టిరోన్-రెనిన్ నిష్పత్తి. కిడ్నీకి రక్తం సరిగా అందకపోయినా, ఒంట్లో ఉప్పు తగ్గినా, మనం మంచం మీంచి లేచి నిలబడినా కిడ్నీ రెనిన్ వదులుతుంది. కాలేయం తయారుచేసిన యాంజియోటెన్సినోజెన్‌ని రెనిన్ కోస్తే యాంజియోటెన్సిన్ ఒకటి వస్తుంది. దాన్ని రెండో రకంగా మార్చే ఏసీఈ ఎంజైము ఎక్కువగా ఊపిరితిత్తుల నాళాల లోపలి కణాల మీదే ఉంటుంది. రామిప్రిల్, ఎనలాప్రిల్ అనే బీపీ మాత్రలు అడ్డుకునేది ఈ ఎంజైమునే. యాంజియోటెన్సిన్ రెండు వెళ్లి నునుపు కండర కణం మీది ఏటీ1 గ్రాహకాన్ని పట్టుకోగానే కణం లోపల కాల్షియం పెరిగి కండరం బిగుస్తుంది. టెల్మిసార్టన్ ముందే వెళ్లి ఆ గ్రాహకంలో కూర్చుంటుంది. అదే యాంజియోటెన్సిన్ కిడ్నీ పైన ఉండే అడ్రినల్ గ్రంథికి చేరి ఆల్డోస్టిరోన్‌ని విడుదల చేయిస్తుంది.

ఆల్డోస్టిరోన్ అనగానే కిడ్నీలో ఉప్పు పట్టి ఉంచే హార్మోన్ అనే అందరూ చెప్తారు. దాని గ్రాహకం రక్తనాళం లోపలి కణాల్లోనూ ఉంది. ఏళ్ల తరబడి ఈ హార్మోన్ ఎక్కువగా ఉంటే ఆ కణాల మీద సోడియం దారులు పెరుగుతాయి, కణం పైభాగం గట్టిపడుతుంది, నైట్రిక్ ఆక్సైడ్ తగ్గుతుంది, గోడలో పీచు పేరుకుంటుంది. బీపీ అంకె ఒకటే ఉన్న ఇద్దరిలో ఆల్డోస్టిరోన్ ఎక్కువున్న మనిషికి గుండె, మెదడు, కిడ్నీ దెబ్బతినే ప్రమాదం ఎక్కువగా ఉండటానికి ఇదొక కారణం. గ్రంథి ఎవరి మాటా వినకుండా తనంతట తాను ఆల్డోస్టిరోన్ పోసే జబ్బును 1955లో జెరోమ్ కాన్ వర్ణించాడు. అందులో ఆల్డోస్టిరోన్ పైన ఉంటుంది, రెనిన్ అణిగిపోతుంది. నిష్పత్తి చూసేది అందుకే.

మూడు రకాల మందులు వేసుకున్నా బీపీ దిగనివాళ్లు, పొటాషియం తగ్గినవాళ్లు, నలభై ఏళ్లలోపే బీపీ మొదలైనవాళ్లు, స్కాన్‌లో అడ్రినల్ గడ్డ అనుకోకుండా బయటపడ్డవాళ్లు, గురకతో నిద్రలో ఊపిరి ఆగే జబ్బున్నవాళ్లు ఈ పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. 2025లో వచ్చిన ఎండోక్రైన్ సొసైటీ (హార్మోన్ల డాక్టర్ల సంఘం) మార్గదర్శకాలైతే బీపీ ఉన్నవాళ్లందరికీ ఒకసారి చూడమని సూచించాయి. కాబట్టి ఇలాంటి ప్యాకేజీ విశాఖలో దొరకడం మంచి విషయమే. దాన్ని చేసే తీరు గురించే మా పట్టుదల.

కౌంటర్ దగ్గర పని బాగుంది. రాగానే మందుల చీటీ అడుగుతారు, నిద్ర లేచి ఎంతసేపైందో అడిగి ఫారం మీద రాస్తారు. రెనిన్‌కి మనిషి లేచి కనీసం రెండు గంటలు అటూ ఇటూ తిరిగి ఉండాలి, ఆ తర్వాత ఐదు నుంచి పదిహేను నిమిషాలు కూర్చోవాలి. పొద్దున పది ప్రాంతంలో తీయడం సరైన సమయం, ఇక్కడ తీసేదీ అప్పుడే. రబ్బరు పట్టీ కట్టాక ‘గుప్పిట మూసి తెరవండి’ అనరు. ఇది చిన్న విషయంగా కనిపిస్తుంది గానీ, గుప్పిట బిగించి తెరుస్తుంటే ముంజేతి కండరాల నుంచి పొటాషియం రక్తంలోకి వస్తుంది. నిజానికి 3.3 ఉన్నది 3.9గా కనిపించి, అసలు పట్టుకోవాల్సిన తగ్గుదల మరుగున పడుతుంది. సూది నరంలో పడగానే పట్టీ వదిలేస్తారు, ఐదారు సెకన్లు ఆగి నింపుతారు. ముందు సీరం ట్యూబు, ఆ తర్వాతే రక్తం గడ్డకట్టనివ్వని మందు, ఈడీటీఏ, ఉన్న ఊదా మూత ట్యూబు. ఈ వరస తిరగబడి ఈడీటీఏ చుక్క సీరం ట్యూబులో పడిందా, అందులో ఉన్న పొటాషియం లవణం వల్ల రిపోర్టులో పొటాషియం అమాంతం పెరుగుతుంది, కాల్షియం పడిపోతుంది. నింపిన ట్యూబును కుదపకుండా ఎనిమిది పది సార్లు మెల్లగా తలకిందులు చేసి, రెనిన్ ట్యూబును గది ఉష్ణోగ్రతలోనే స్టాండులో పెడతారు. సెంట్రిఫ్యూజ్ పక్క గదిలోనే ఉంది. తిప్పి, ప్లాస్మా వేరుచేసి, వెంటనే ఫ్రీజర్‌లో గడ్డకట్టించి హైదరాబాద్ పంపుతారు.

ఆ ‘గది ఉష్ణోగ్రతలోనే’ అన్న మాట దగ్గరే ఇంటి సేకరణ దెబ్బతింటోంది. ఇంటికి వచ్చే కుర్రాడి దగ్గర నీలం రంగు థర్మోకోల్ డబ్బా, అందులో రెండు జెల్ ప్యాకులు ఉంటాయి. తీసిన ట్యూబులన్నీ ఆ ప్యాకులకు ఆనుకునే ప్రయాణం చేస్తాయి. మిగతా పరీక్షలు చాలావాటికి చల్లదనం మంచిదే, రెనిన్‌కి కాదు. రక్తంలో రెనిన్‌తో పాటు దాని ముందు రూపం, ప్రోరెనిన్, చాలా ఎక్కువ మొత్తంలో తిరుగుతుంటుంది. మామూలుగా అది పనిచేయకుండా ముడుచుకుని ఉంటుంది. సున్నా, నాలుగు డిగ్రీల మధ్య చల్లదనంలో గంటల కొద్దీ ఉంచితే ఆ ముడి విప్పుకుని రెనిన్‌లా పనిచేయడం మొదలుపెడుతుంది. రిపోర్టులో రెనిన్ లేనిపోనిది పెరుగుతుంది, నిష్పత్తి దిగిపోతుంది, కాన్ జబ్బు ఉన్న మనిషికి ‘నార్మల్’ అని కాగితం వస్తుంది. గాజువాకలో ఏడున్నరకి తీసిన ట్యూబు ఎన్ఏడీ జంక్షన్ దాటి, దారిలో ఇంకో మూడిళ్లు ఆగి మహారాణిపేట చేరేసరికి ఎంతసేపు ఐసులో ఉందో లెక్క వేసుకోండి. పైగా ఏడున్నరకి తీస్తున్నారంటే చాలామంది నిద్ర లేచి అరగంట కూడా కాదు. పడుకుని ఉన్న ఒంట్లో రెనిన్ తక్కువ, అది నిష్పత్తిని ఇంకో వైపు లాగుతుంది. రెండు తప్పులు ఎదురెదురుగా పనిచేస్తున్న చోట వచ్చిన అంకెను ఏ డాక్టరూ చదవలేరు.

ఐసు వద్దన్నారు కదా అని ఎండలో బైకు పెట్టెలో పెట్టినా కుదరదు. విశాఖ మే నెల మధ్యాహ్నం పెట్టెలో ఉండే వేడిని గది ఉష్ణోగ్రత అనలేం. ఇరవై, ఇరవై ఐదు డిగ్రీల దగ్గర ఉంచాలి, త్వరగా తిప్పాలి. ఇంట్లో మంచం మీదున్న పెద్దవాళ్లకు ఎలాగూ ఇంటి సేకరణ తప్పదనుకుంటే, బుకింగ్ చేసేటప్పుడే రెనిన్ ట్యూబుకు జెల్ ప్యాకు లేని వేరే సంచి తెమ్మని, మీ ఇల్లే ఆ రూటులో చివరిది కావాలని చెప్పండి. మళ్లీ మనిషి గుమ్మం దగ్గరికి వచ్చాక గుర్తు చేయండి.

మెటానెఫ్రిన్ల దగ్గర కథ పూర్తిగా తిరగబడుతుంది. అడ్రినల్ గ్రంథి లోపలి భాగం అడ్రినలిన్, నారడ్రినలిన్ వదులుతుంది. చర్మం, పేగుల నాళాల్లో ఎక్కువగా ఉన్న ఆల్ఫా గ్రాహకాలను పట్టుకుంటే నాళం బిగుస్తుంది, కండరాల నాళాల్లోని బీటా రెండు గ్రాహకాలను అడ్రినలిన్ పట్టుకుంటే సడలుతుంది. ఒకే హార్మోన్ పారిపోవాల్సిన వేళ చర్మానికి రక్తం తగ్గించి కాళ్లకు పంపగలిగేది అందుకే. ఫియోక్రోమోసైటోమా అనే గడ్డ ఉంటే ఇవి ఉన్నట్టుండి గుప్పుగుప్పున వస్తాయి: తలనొప్పి, చెమట, గుండెదడ, బీపీ రెండు వందలు. ఆ హార్మోన్లు నిమిషాల్లో మాయమవుతాయి కాబట్టి అవి మారి ఏర్పడే మెటానెఫ్రిన్లను కొలుస్తారు.

దీనికి మనిషి ఇరవై నుంచి ముప్పై నిమిషాలు వెల్లకిలా పడుకుని ఉండాలి, పడుకున్న చోటే తీయాలి. కూర్చున్న మనిషిలో నారడ్రినలిన్ సహజంగానే ఎక్కువ, అది చాలు లేని గడ్డను కాగితం మీద పుట్టించడానికి. ముందు రాత్రి నుంచి కాఫీ, టీ, సిగరెట్, చుట్ట మానాలి. అడ్డపొగ (చుట్ట నిప్పు వైపును నోట్లో పెట్టుకుని తాగడం) అలవాటున్న అమ్మలు మా వైపు తీరం వెంబడి చాలామంది ఉన్నారు, ‘సిగరెట్ తాగుతారా’ అని అడిగితే లేదనే అంటారు. చుట్ట గురించి విడిగా అడగాలి, ఈ ల్యాబ్ ఫారంలో ఆ ప్రశ్న లేదు. ఎమిట్రిప్టిలిన్ వంటి మాత్రలు ఫలితాన్ని పెంచుతాయి. కొన్ని పద్ధతుల్లో పారాసిటమాల్ కూడా అడ్డుపడుతుంది. ఇక ట్యూబు తీయగానే ఐసులో పెట్టి, చల్లగానే తిప్పాలి.

ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. ఒకదానికి రెండు గంటలు తిరిగి కూర్చోవాలి, ఇంకోదానికి అరగంట పడుకోవాలి. రెండూ ఊదా మూత ట్యూబులే, ఒకటి ఐసులోకి, ఒకటి బయట. ఒక్క పొడుపుతో రెండూ సరిగా వచ్చే దారి లేదు. కౌంటర్‌లో అడిగితే మెటానెఫ్రిన్లు ఇంకో ఉదయం తీయడానికి ఒప్పుకుంటున్నారు, అదనపు డబ్బు తీసుకోవడం లేదు. పడుకోబెట్టడానికి ఈసీజీ గది మంచం ఇస్తారు. ఇది ప్యాకేజీ బోర్డు మీదే రాసిపెట్టాల్సిన విషయం, అడిగినవాళ్లకే చెప్తున్నారు. కూర్చోబెట్టి తీసిన మెటానెఫ్రిన్లు కాస్త ఎక్కువగా వచ్చాయని ఎవరైనా కడుపు సీటీకి పంపుతుంటే, ముందు పడుకుని మళ్లీ తీయించమని అడగండి.

మందుల సంగతి. ఏ మాత్రనూ రాసిన డాక్టరు చెప్పకుండా ఆపకూడదు, ముఖ్యంగా బీటా బ్లాకర్లు, క్లోనిడిన్ ఒక్కసారిగా ఆపితే బీపీ ఎగదన్నుతుంది. డాక్టరు ఒప్పుకుంటే మామూలుగా పాటించే గడువులు ఇవి: ఆల్డోస్టిరోన్‌ని అడ్డుకునే స్పైరనోలాక్టోన్, ఎప్లెరినోన్, మూత్రం ఎక్కువ పోయించే నీళ్ల మాత్రలు నాలుగు వారాలు, మెటోప్రొలోల్ లాంటి బీటా బ్లాకర్లు, క్లోనిడిన్, మిథైల్‌డోపా, టెల్మిసార్టన్, రామిప్రిల్ రకం మాత్రలు, నొప్పి మాత్రలు రెండు వారాలు. మధ్యలో బీపీని ప్రజోసిన్, డాక్సజోసిన్, వెరాపమిల్, హైడ్రలజిన్‌లతో పట్టి ఉంచుతారు, ఇవి నిష్పత్తిని పెద్దగా కదపవు. బీటా బ్లాకరు, నొప్పి మాత్ర రెనిన్‌ని తొక్కేసి లేని జబ్బు చూపిస్తాయి. టెల్మిసార్టన్, నీళ్ల మాత్ర రెనిన్‌ని లేపి ఉన్న జబ్బును దాచేస్తాయి. దీన్నుంచే ఒక ఉపయోగం కూడా ఉంది: టెల్మిసార్టన్ వేసుకుంటూ ఉన్నా రెనిన్ అణిగే ఉందంటే ఆ ఫలితానికి బలం ఎక్కువ. కాబట్టి మందు ఆపడం ప్రమాదమైన మనిషికి మందుల మీదే చేసి, చీటీ చేతిలో పెట్టుకుని చదవవచ్చు. ల్యాబ్ ఫారంలో మందుల పేర్లు రాస్తున్నారు గానీ అవి రిపోర్టులోకి రావడం లేదు. రావాలి.

ఉప్పు విషయంలో జనం చేసే పొరపాటు ఇంకోటి ఉంది. పరీక్ష ఉందనగానే వారం ముందు నుంచి ఆవకాయ, ఎండు చేపలు, ఎండు రొయ్యలు అన్నీ మానేసి చప్పిడి తిని వస్తారు. ఉప్పు తగ్గగానే కిడ్నీ రెనిన్ వదులుతుంది, నిష్పత్తి దిగిపోతుంది. రోజూ తినేదే తిని రండి. అలాగే పొటాషియం 4 దగ్గరకు తెచ్చుకున్నాకే చేయించుకోవాలి, ఎందుకంటే పొటాషియం తక్కువైతే గ్రంథి ఆల్డోస్టిరోన్ తీయడం తగ్గిస్తుంది. అది కొబ్బరి నీళ్లతో అయ్యే పని కాదు, డాక్టరు రాసిన సిరప్‌తో కొన్ని రోజులు పడుతుంది. దగ్గుకు అతిమధురం చప్పరించే అలవాటుంటే తప్పక చెప్పండి. మామూలుగా అడ్రినల్ గ్రంథి వదిలే మరో హార్మోన్, కార్టిసాల్, ఆల్డోస్టిరోన్ గ్రాహకం మీద కూర్చోకుండా కిడ్నీలో ఒక ఎంజైము కాపలా కాస్తుంది. అతిమధురంలోని గ్లైసిరైజిక్ ఆమ్లం ఆ కాపలాను పడగొడుతుంది. కార్టిసాలే ఆల్డోస్టిరోన్ పని మొదలుపెడుతుంది: బీపీ పెరుగుతుంది, పొటాషియం తగ్గుతుంది, రక్తంలో చూస్తే ఆల్డోస్టిరోన్, రెనిన్ రెండూ అడుగంటి ఉంటాయి. నాలుగు వారాలు అతిమధురం మానేశాకే పరీక్ష.

రిపోర్టు కాగితం గురించి మాకు గట్టి ఫిర్యాదు ఉంది. ఈ ల్యాబ్ రెనిన్‌ని నేరుగా లీటరుకు మిల్లీయూనిట్లలో కొలిపిస్తోంది, అది సరైన పద్ధతే. కానీ నిష్పత్తి పక్కన ‘30 కంటే తక్కువ నార్మల్’ అని అచ్చు వేస్తోంది. ఆ 30 పాత పద్ధతిది, అంటే ఆల్డోస్టిరోన్ డెసిలీటరుకు నానోగ్రాముల్లో, రెనిన్ చురుకుదనం మిల్లీలీటరుకు గంటకు నానోగ్రాముల్లో ఉన్నప్పటిది. రెనిన్ మిల్లీయూనిట్లలో ఉంటే దానికి సరితూగే హద్దు సుమారు 3.7. ఉదాహరణకు ఆల్డోస్టిరోన్ 22, రెనిన్ 4 అనుకోండి, నిష్పత్తి 5.5. ఇది ఎండోక్రైనాలజిస్టు (హార్మోన్ల డాక్టరు) చూడాల్సిన ఫలితం. కాగితం మీద మాత్రం 30కి ఎంతో కింద, నల్ల అక్షరాల్లో, ఎర్ర గుర్తు లేకుండా వస్తుంది. ఫోన్లో పీడీఎఫ్ చూసుకున్నవాళ్లు హాయిగా పక్కన పెట్టేస్తారు. దీన్ని ల్యాబ్ వెంటనే సరిచేయాలి.

ఇంకో చోట నుంచి వచ్చిన రిపోర్టుతో పోల్చేటప్పుడు ఆల్డోస్టిరోన్ ఏ కొలతలో ఉందో చూడండి. మిల్లీలీటరుకు 120 పికోగ్రాములంటే డెసిలీటరుకు 12 నానోగ్రాములు. రెనిన్ చురుకుదనం 1.2 అయితే నిష్పత్తి 10, పికోగ్రాములతోనే భాగిస్తే 100 వచ్చి కంగారు పెడుతుంది. మాస్ స్పెక్ట్రోమెట్రీతో కొలిచిన ఆల్డోస్టిరోన్ మామూలు ఇమ్యునోఅస్సే కన్నా తక్కువగా వస్తుంది, కాబట్టి పద్ధతి పేరు కూడా ఉండాలి. రెనిన్ మరీ అడుగంటితే చిన్న ఆల్డోస్టిరోన్‌కి కూడా పెద్ద నిష్పత్తి వస్తుంది: 4ని 0.1తో భాగిస్తే 40. అందుకే నిష్పత్తి ఒక్కటే చూడకుండా, ఆల్డోస్టిరోన్ అంకె కూడా చెప్పుకోదగ్గంత ఉందా అని చూస్తారు.

కార్టిసాల్ నాళం కణాల్లో నైట్రిక్ ఆక్సైడ్ తయారీని తగ్గిస్తుంది, నారడ్రినలిన్‌కి కండరం ఎక్కువగా స్పందించేలా చేస్తుంది. కానీ బీపీకి కారణమయ్యే కార్టిసాల్ అతిని ఉదయం ఎనిమిది గంటల ఒక్క శాంపిల్‌తో పట్టుకోలేం, అప్పుడు అందరికీ ఎక్కువగానే ఉంటుంది. ఆ పరీక్ష పనికొచ్చేది కార్టిసాల్ తక్కువైందా అని చూడటానికి. అతి అనుమానం ఉంటే రాత్రి పదకొండింటికి డెక్సామెథసోన్ ఒక మిల్లీగ్రాము, అంటే అర మిల్లీగ్రాము మాత్రలు రెండు, వేసుకుని మర్నాడు ఎనిమిదింటికి తీయాలి, డెసిలీటరుకు 1.8 మైక్రోగ్రాముల కిందికి దిగాలి. గర్భనిరోధక మాత్రలు వాడేవారిలో కార్టిసాల్‌ని మోసే ప్రోటీన్ పెరిగి అంకె తప్పుగా ఎక్కువ వస్తుంది. ప్యాకేజీలోంచి ఉదయం కార్టిసాల్ తీసేసి ఇది పెడితే బాగుంటుంది.

థైరాయిడ్ ఉండటం సబబే. టీ3 హార్మోన్ నాళం కండరాన్ని సడలిస్తుంది. అది తగ్గితే నాళాలు బిగిసి కింది బీపీ పెరుగుతుంది, ఎక్కువైతే పై బీపీ పెరిగి రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. జుట్టు కోసం బయోటిన్ మాత్రలు వాడేవారు రెండు రోజుల ముందే ఆపండి, కొన్ని మిషన్లలో టీఎస్‌హెచ్ తప్పుగా తక్కువ చూపిస్తుంది.

ఇన్సులిన్ గురించి ఆసక్తికరమైన విషయం ఉంది గానీ పరీక్షగా దీనికి అంత విలువ లేదు. ఇన్సులిన్ ఎండోథీలియంలో రెండు దారుల్లో పనిచేస్తుంది, ఒకటి నైట్రిక్ ఆక్సైడ్ తీయిస్తుంది, ఇంకోటి ఎండోథీలిన్ తీయిస్తుంది. ఇన్సులిన్‌కి ఒళ్లు మొండికేసినప్పుడు మొదటి దారే మూసుకుపోతుంది, రెండోది తెరిచే ఉంటుంది. దాన్ని జయించడానికి ఇన్సులిన్ పెరిగే కొద్దీ బిగించే వైపే త్రాసు మొగ్గుతుంది. పొట్ట, సుగర్, బీపీ కలిసి రావడంలో దీని పాత్ర ఉంది. కానీ నడుము కొలత, పరగడుపు సుగర్, ట్రైగ్లిజరైడ్లు చూసిన డాక్టరుకి ఈ అంకె కొత్తగా చెప్పేది తక్కువ. రక్తం తీసేటప్పుడు ఎర్ర కణాలు చితికితే వాటిలోంచి వచ్చే ఎంజైము ఇన్సులిన్‌ని తినేస్తుంది కూడా.

‘రక్తనాళాల వయసు’ క్లిప్పుకి ఉచితమే అయినా విలువ ఇవ్వకండి. ఏసీ బాగా వేసిన గదిలో చలికి వేళ్ల నాళాలు బిగుసుకుంటాయి, క్లిప్పు చూసే నాడి అల మారుతుంది, వయసు పెరుగుతుంది. లోపలి పొర పనితీరు నిజంగా చూడాలంటే వేరే పద్ధతి ఉంది. పరగడుపున, నిశ్శబ్దమైన గదిలో పడుకోబెట్టి మోచేతికి పైన ధమనిని అల్ట్రాసౌండ్‌తో చూస్తారు. ముంజేతికి కట్టిన పట్టీని పై బీపీ కన్నా 50 ఎక్కువకు బిగించి ఐదు నిమిషాలు ఉంచి వదులుతారు. ఒక్కసారిగా దూసుకొచ్చిన రక్తం గోడను ఒరుసుకుంటే ఎండోథీలియం నైట్రిక్ ఆక్సైడ్ వదులుతుంది, ధమని ఎంత శాతం వెడల్పయిందో కొలుస్తారు. ఆడవాళ్లలో నెల తిరిగే కొద్దీ ఈస్ట్రోజన్‌తో పాటు ఆ శాతం మారుతుంది, అందుకే బహిష్టు మొదలైన వారంలోపే చేస్తారు. అంత జాగ్రత్తగా చేసినా అది ఇప్పటికి పరిశోధనలకే, ఒక మనిషికి మందు రాయడానికి కాదు.

నిష్పత్తి ఎక్కువగా వస్తే జబ్బు ఖాయమని కాదు. పడుకోబెట్టో కూర్చోబెట్టో నాలుగు గంటల్లో రెండు లీటర్ల సెలైన్ ఎక్కించి ఆల్డోస్టిరోన్ దిగుతుందా అని చూస్తారు. ఆ తర్వాత అడ్రినల్ సీటీ, ఆపరేషన్ ఆలోచిస్తే రెండు గ్రంథుల సిరల నుంచి విడివిడిగా రక్తం. ఒకవైపే అయితే లాప్రోస్కోపీతో ఆ గ్రంథి తీసేస్తారు, రెండువైపులా అయితే స్పైరనోలాక్టోన్. సెలైన్ పరీక్ష ల్యాబ్‌లో చేయించుకునేది కాదు, బీపీ అదుపులో లేనివాళ్లకు, గుండె బలహీనంగా ఉన్నవాళ్లకు ప్రమాదం. కేజీహెచ్ ఎండోక్రైనాలజీ విభాగంలో గానీ, మీరు చూపించుకునే ఎండోక్రైనాలజిస్టు దగ్గర గానీ ఆ నిర్ణయం జరగాలి. వెళ్లేటప్పుడు నిష్పత్తి ఒక్కటే రాసుకుని కాకుండా రిపోర్టు మొత్తం, తీసిన సమయం, ఆ వారం వేసుకున్న మందుల చీటీ పట్టుకెళ్లండి.

బుక్ చేసేటప్పుడు మంగళవారం నుంచి గురువారం లోపు అడగండి. శనివారం తీసిన శాంపిల్ హైదరాబాద్ బండి కోసం సోమవారం దాకా ఇక్కడే ఫ్రీజర్‌లో ఉంటోంది, ఆ మధ్యలో కరెంటు పోయి ప్లాస్మా కరిగి మళ్లీ గడ్డకడితే పైన చెప్పిన ప్రోరెనిన్ చిక్కు మళ్లీ మొదటికొస్తుంది. మొదటి రోజు పదింటికి రెనిన్, పొటాషియం, థైరాయిడ్. రెండో రోజు పరగడుపున పడుకుని మెటానెఫ్రిన్లు.